నూతన పానీయ పరికరమునకు పేటెంటు: త్వరగా పొందు మార్గము

కాఫీ, తేనీరు మన గ్రామములలో ఇంటింట వాడుకలోనికి వచ్చి చాలకాలమైనది. బస్సు ఆగుచోట తెల్లవారకముందే కాఫీ హోటలు తెరచుకొనుచున్నది. పెండ్లి పందిళ్ళలో వందలమందికి ఒక్కసారిగా డికాక్షను తీయవలసి వచ్చుచున్నది. అవసరము ఉన్నచోట ఉపాయము పుట్టుట సహజము. ఒక కంచరియో, వెల్డింగు పనివాడో, హోటలు నడుపుకొను గృహిణియో పాత వడపోత పాత్రలోని లోపమును కనిపెట్టి, దానిని సవరించి, మెరుగైన పరికరమును తయారుచేయవచ్చును. అట్టివారు మొట్టమొదట సలహా కోరి వచ్చునది తరచుగా పంచాయతీ సభ్యుని వద్దకే. "దీనికి పేటెంటు వచ్చునా? ఎంతకాలము పట్టును? ఎంత ఖర్చగును?" అను ప్రశ్నలకు సభ్యులు సరియైన సమాధానము చెప్పగలుగుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ముఖ్యమైన సంగతి నొకదానిని ముందుగానే మనవి చేయుచున్నాము. పేటెంటు త్వరగా వచ్చుటయు, ఆలస్యమగుటయు, అసలు రాకపోవుటయు చాలవరకు గ్రామములోనే, దరఖాస్తు పంపకముందే, నిర్ణయమైపోవును. దరఖాస్తుకు ముందే పదిమందికి బహిరంగముగా చూపిన వస్తువునకు ఎంత చురుకైన కార్యాలయమైనను పేటెంటు ఈయజాలదు. కనుక త్వరపడవలసిన పని మొదటిది దరఖాస్తు. ప్రదర్శన, ప్రశంస, పత్రికలో ఫొటో అన్నియు దాని తరువాతనే.

పేటెంటు అనగా నేమి?

పేటెంటు ప్రభుత్వమునకును, నూతన కల్పన చేసిన వ్యక్తికిని మధ్య జరుగు ఒడంబడిక వంటిది. తాను కనిపెట్టిన దానిని ఆ వ్యక్తి దాచుకొనక పూర్తిగా వ్రాసి ప్రజలకు తెలియజేయవలెను. అందులకు ప్రతిఫలముగా, దరఖాస్తు చేసిన నాటినుండి 20 సంవత్సరములు ఆ వస్తువును మన దేశములో తయారుచేయుటకు, వాడుటకు, అమ్ముటకు అతనికి మాత్రమే హక్కు లభించును. ఇతరులు అతని అనుమతి లేనిదే ఆ పని చేయరాదు. గడువు తీరిన పిమ్మట ఆ కల్పన అందరి సొత్తగును.

ఈ విధానము మన దేశమునకు క్రొత్తది కాదు. 1856లో వెలువడిన చట్టము క్రింద మొదటి దరఖాస్తు పెట్టినవాడు కలకత్తాలోని జార్జి ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగ్. ఆయన కోరినది పంకా లాగు యంత్రమునకు హక్కు. ఇంటిలో సౌకర్యమునకై చేసిన పరికరముతోనే మన పేటెంటుల చరిత్ర ఆరంభమైనదన్నమాట. అటుపిమ్మట 1911 చట్టము వచ్చినది. నేడు అమలులోనున్నది 1970 నాటి పేటెంటుల చట్టము. ఇది 1972 ఏప్రిల్ 20 నుండి అమలులోనికి వచ్చి, పెక్కుసార్లు సవరింపబడినది. దీని క్రింది నిబంధనలు 2003లో ఏర్పడినవి. వానికి 2024 మార్చిలో ముఖ్యమైన సవరణలు జరిగినవి.

మూడు పరీక్షలు

పరికరము బాగుగా పనిచేయుచున్నదన్నంత మాత్రమున పేటెంటు రాదు. అది మూడు పరీక్షలలో నెగ్గవలెను. ఒకటి, అది ప్రపంచములో ఎక్కడను ఇంతకుముందు ప్రకటింపబడని కొత్త వస్తువై యుండవలెను. రెండు, ఆ పని తెలిసిన మామూలు పనివానికి తోచునట్టి చిన్న మార్పు కాక, ఆలోచనలో ఒక ముందడుగు ఉండవలెను. మూడు, దానిని తయారుచేసి వాడుటకు వీలుండవలెను.

ఒక ఊహాత్మకమైన ఉదాహరణతో ఈ విషయమును పరిశీలింతము. పెద్ద కాఫీ ఫిల్టరులలో పొడి జల్లెడ మీద గట్టిగా పేరుకొని, డికాక్షను దిగుట ఆగిపోవుట అందరును ఎరిగినదే. హోటలువారు మూత తీసి చెంచాతో కలియబెట్టుదురు. దానితో ఆవిరియు, వాసనయు పోవును, పొడి క్రిందికి జారును. ఒక కంచరి మూత గుండా సన్నని కడ్డీని దింపి, దాని చివర జల్లెడను తాకీ తాకనట్లు తిరుగు వంపు రెక్కను అమర్చినాడనుకొందము. పైనున్న పిడిని పావు చుట్టు త్రిప్పినచో పేరుకొన్న పొర విడిపోయి, మూత తీయకుండనే డికాక్షను మరల దిగును. ఇట్టి పరికరము ఇంతకుముందు ఎవ్వరును చేయలేదని అన్వేషణలో తేలి, రెక్క వంపులోను అమరికలోను నిజమైన విశేషమున్నచో దరఖాస్తు చేయదగును.

మరియొకడు అదే ఫిల్టరుకు ప్రక్కన ఒక ఉష్ణమాపకమును తగిలించినాడనుకొందము. ఫిల్టరు వడపోయుచునే యుండును. ఉష్ణమాపకము వేడిమిని చూపుచునే యుండును. ఒకదానివలన రెండవదానికి కొత్త శక్తి ఏమియు రాలేదు. తెలిసిన పరికరములను ప్రక్కప్రక్కన చేర్చగా వేనిపని అవి విడివిడిగా చేసికొనుచున్నచో అది నూతన కల్పన కాదని చట్టములోని 3వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. అట్లే పూర్వమునుండి ప్రజలకు తెలిసిన జ్ఞానమునకును పేటెంటు లేదు. శొంఠి కాఫీ, అల్లపు కషాయము, రాగి జావ మొదలగు వాని తయారీ తన సొంతమని ఎవ్వరును కోరజాలరు.

ఈ సందర్భమున సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన తీర్పొకటి మన చేతిపనివారు తప్పక తెలిసికొనదగినది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అను పక్షముల మధ్య నడచిన ఆ వ్యాజ్యము పాత్రసామగ్రి తయారీకి సంబంధించినదే. పాత్రలను తరిణి పట్టునపుడు కదలకుండ పట్టియుంచు సాధనమునకు ఒకరు పేటెంటు పొందియుండిరి. అది పాత యంత్రమునకు చేసిన కార్ఖానా స్థాయి సవరణ మాత్రమే యనియు, కొత్తదనము గాని ఆలోచనలో ముందడుగు గాని అందు లేదనియు న్యాయస్థానము నిర్ణయించినది. చేతికి వచ్చిన పేటెంటు సైతము ఈ కారణమున నిలువకపోవచ్చునని గ్రహింపవలెను.

కాబట్టి దరఖాస్తుకు ముందు అన్వేషణ అవసరము. ఇదివరకు ప్రచురితమైన భారతీయ దరఖాస్తులను పేటెంటు కార్యాలయము వారి వెబ్‌సైటులో రుసుము లేకుండ చూడవచ్చును. ఇతర దేశముల పత్రములను చూపు ఉచిత వేదికలును కలవు. చదువుకొన్న యువకుడొకడు రెండు మూడు దినములు శ్రమించినచో, అనవసరపు ఖర్చును ముందుగానే తప్పించవచ్చును.

నోరు జారిన హక్కు జారును

గ్రామములో ఎవరైన ఒక మంచి పరికరము చేసినారని తెలియగానే మనకు కలుగు మొదటి కోరిక దానిని నలుగురికి చూపవలెనని. సంతలో బల్ల వేయించి కాఫీ పోయింతుము. జాతీయ పండుగనాడు పాఠశాల ఆవరణలో ప్రదర్శింతుము. ఫోనుతో వీడియో తీసి బంధుమిత్రులకు పంపుదుము. ఇవన్నియు సదుద్దేశముతో చేయు పనులే. కాని దరఖాస్తుకు ముందు ఇట్లు బహిరంగమైన వస్తువు చట్టము దృష్టిలో కొత్తదిగా మిగులదు. తానే చూపినను, తన మేలుకోరువారు చూపినను ఫలితమొక్కటే. ఆ వీడియోను చూచి పట్టణములోని వ్యాపారి వందల కొలది పాత్రలను తయారుచేయించి అమ్మినచో, కనిపెట్టిన కంచరి అడ్డు చెప్పజాలడు. ఏళ్ళ తరబడి రాత్రులు మేల్కొని చేసిన శ్రమకు దక్కవలసిన కూలి ఆ ఒక్క ప్రదర్శనతో చేజారును.

కొన్ని మినహాయింపులు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వము గెజెటులో ప్రకటించిన ప్రదర్శనలలో చూపినచో, ఆ ప్రదర్శన ఆరంభమైన తరువాత 12 మాసములలోపున దరఖాస్తు చేసికొనవచ్చును. మన సంతలు, తిరునాళ్ళు, పాఠశాల ప్రదర్శనలు ఇట్టివి కావు. పరికరము పనిచేయుటను బహిరంగముగానే పరీక్షింపక తప్పని సందర్భములలో, దరఖాస్తుకు ముందు ఒక సంవత్సరములోపు జరిపిన న్యాయమైన పరీక్షలకు రక్షణ కలదు. కాని కాఫీ పాత్రను వంటయింటిలోనే పరీక్షింపవచ్చును గదా! కనిపెట్టినవాని యొద్దనుండి సంగ్రహించి, అతని సమ్మతి లేకుండ ఇతరులు ప్రకటించినపుడు కూడ అతనికి కొంత రక్షణ కలదు. అయినను అది నిరూపింపవలసిన భారము. పైగా తెలిసిన వెంటనే దరఖాస్తు చేసియుండవలెను. మినహాయింపులను నమ్ముకొని ప్రదర్శనలకు దిగుట వరదలోనికి దిగి ఈత నేర్చుకొనుట వంటిది.

పంచాయతీ సభ్యులు ఇచట మరియొక జాగ్రత్త వహింపవలెను. పరికరమును మెచ్చుకొనుచు తీర్మానము చేయదలచినచో, తీర్మానపు పుస్తకములో దాని నిర్మాణ వివరములను వ్రాయరాదు. ఆ పుస్తకము ప్రజలు కోరి చూడదగిన రికార్డు. "ఫలానా వ్యక్తి చేసిన కల్పనకు సహాయము చేయుటకు నిర్ణయించినాము" అని వ్రాసిన చాలును. పరికరమునకు రేకు కత్తిరించిన వాని యొద్ద, స్ప్రింగు చుట్టిన వాని యొద్ద, పటము గీచిన వాని యొద్ద ఈ సంగతిని బయటపెట్టబోమని ఒక కాగితము వ్రాయించి సంతకము తీసికొనుటయు మంచిది.

దరఖాస్తు వ్రాయుట

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారి దరఖాస్తులు చెన్నైలోని పేటెంటు కార్యాలయమునకు చెందును. 1వ ఫారము దరఖాస్తు. 2వ ఫారము కల్పన యొక్క వివరణ పత్రము. విదేశములలో దరఖాస్తులను గూర్చి 3వ ఫారము, కల్పన చేసినవారిని గూర్చి 5వ ఫారము ఉండును. పత్రములు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని ఉండవలెను. తెలుగు మాత్రమే తెలిసిన చేతిపనివానికి ఇచటనే సహాయము అవసరము.

వివరణ పత్రములు రెండు విధములు. పరికరము ఇంకను పూర్తి కానిచో తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేసి తేదీని సంపాదించుకొనవచ్చును. 12 మాసములలోపున పూర్తి వివరణను దాఖలు చేయవలెను, లేనిచో దరఖాస్తు వదలివేసినట్లగును. పరికరము పూర్తియై చక్కగా పనిచేయుచున్నచో, తాత్కాలిక వివరణ జోలికి పోక పూర్తి వివరణనే పంపుట త్వరిత మార్గము. ఏలయన, ప్రచురణయు పరీక్షయు పూర్తి వివరణ అందిన తరువాతనే జరుగును.

పూర్తి వివరణలో అతి ముఖ్యమైన భాగము హక్కు కోరు వాక్యములు. వీనిని క్లెయిములందురు. పొలమునకు నాలుగు ఎల్లలు ఎట్లో పేటెంటుకు ఇవి అట్లు. "కాఫీ త్వరగా దిగు పాత్ర" అని వ్రాసినచో అది ఫలితమును చెప్పినట్లేగాని పరికరమును చెప్పినట్లు కాదు. "మూత గుండా దిగిన కడ్డీయు, దాని చివర జల్లెడకు సమీపమున తిరుగు వంపు రెక్కయు, వెలుపలనుండి దానిని త్రిప్పు పిడియు గల వడపోత పాత్ర" అని నిర్మాణమును చెప్పవలెను. ఎల్లలు మరీ విశాలముగా గీచినచో పాత పరికరములతో తగవు వచ్చును. మరీ ఇరుకుగా గీచినచో ఇతరులు రెక్క ఆకారమును కొంచెము మార్చి తప్పించుకొందురు.

ఈ విషయములో చరిత్ర మనకు చక్కని పాఠము చెప్పుచున్నది. జర్మనీలోని డ్రెస్డెను నగరమున మెలిట్టా బెంట్జ్ అను గృహిణి, కాఫీలో మడ్డి దిగుచున్నదని విసిగి, ఇత్తడి గిన్నె అడుగున రంధ్రములు పొడిచి, కుమారుని పాఠశాల పుస్తకములోని అద్దుడు కాగితమును అందు పరచి కాఫీని వడపోసినది. 1908 జూన్‌లో బెర్లినులోని పేటెంటు కార్యాలయము ఆమె కల్పనను నమోదు చేసినది. ఆ నమోదు కాఫీ వడపోయవలెనను ఊహకు కాక, పాత్ర అడుగు వంపునకును, ఏటవాలు రంధ్రములకును సంబంధించినది. అదే సంవత్సరము ఆమె స్థాపించిన వ్యాపారము పెద్ద సంస్థగా ఎదిగి నేటికిని నడచుచున్నది. ఆమె పొందినది చిన్న కల్పనల కొరకు జర్మనీలో ఉన్న ప్రత్యేకమైన నమోదు. అట్టి చిన్న పేటెంటు పద్ధతి మన దేశములో లేదు. కనుక మనవారు పూర్తి పేటెంటు పరీక్షలన్నింటిలోను నెగ్గవలసియున్నది.

త్వరిత పరీక్ష

సాధారణ పద్ధతిలో దరఖాస్తు 18 మాసముల వరకు ప్రచురింపబడదు. పరీక్ష కూడ దానంతట అది జరుగదు. దానిని కోరుచు ప్రత్యేకముగా అర్జీ పెట్టుకొనవలెను. 2024 మార్చి 15 నుండి చేసిన దరఖాస్తులకు ఈ కోరికను 31 మాసములలోపున దాఖలు చేయవలెను. ఆ గడువు దాటినచో దరఖాస్తు ఉపసంహరించుకొన్నట్లే భావింపబడును. అర్జీ పెట్టక ఊరకున్నవారి దరఖాస్తులు కదలక పడియుండును. "కార్యాలయమువారు జాప్యము చేయుచున్నారు" అని వారనుకొనుట కద్దు.

త్వరగా కావలెనన్నచో రెండు ఫారములు కలవు. 9వ ఫారముతో ముందస్తు ప్రచురణ కోరినచో సాధారణముగా ఒక మాసములోపున దరఖాస్తు ప్రచురింపబడును. 18ఎ ఫారముతో త్వరిత పరీక్ష కోరవచ్చును. పరీక్షాధికారి తనకు అప్పగించిన నాటినుండి ఒక మాసములో, ఎక్కువలో ఎక్కువ రెండు మాసములలో నివేదిక సమర్పింపవలెను. కంట్రోలరు ఒక మాసములో దానిని పరిశీలించి, ఆపైన 15 దినములలో అభ్యంతరములను దరఖాస్తుదారునకు తెలుపవలెను. జవాబునకు 6 మాసముల గడువున్నది. చివరి జవాబు అందిన 3 మాసములలోపున కంట్రోలరు తేల్చవలెను.

ఇందు గమనింపవలసినదేమనగా, అన్నింటికన్న పెద్ద గడువు మన చేతిలోనిదే. ఆరు మాసములున్నవి గదాయని జవాబును చివరి వారము వరకు వాయిదా వేసినవాడు త్వరిత పరీక్షకై కట్టిన రుసుమును తానే వృథా చేసికొన్నవాడగును. పదిహేను దినములలో జవాబు పంపినచో అయిదు మాసములు కలసివచ్చును.

ఎంత త్వరపడినను ఒక హద్దు కలదు. ప్రచురణ జరిగిన 6 మాసములలోపున పేటెంటు ఈయరాదని నిబంధన. ఇతరులు తమ అభ్యంతరములను తెలుపుటకై ఉంచిన వ్యవధి ఇది. కావున అన్నియు అనుకూలించినను ఏడు మాసములకు ముందు పేటెంటును ఆశింపరాదు. "మూడు మాసములలో పేటెంటు ఇప్పించెదము" అని ధనమడుగు దళారులు గ్రామములకు వచ్చినచో, ఈ ఒక్క నిబంధనను చూపి పంపివేయవచ్చును.

ఎవరికి ఈ సౌకర్యము?

త్వరిత పరీక్ష కోరు అర్హత అందరికిని లేదు. దరఖాస్తుదారు స్త్రీ అయినచో లభించును. దరఖాస్తుదారులు పలువురై, అందరును వ్యక్తులే అయి, అందొకరైనను స్త్రీ అయినచో లభించును. గుర్తింపు పొందిన స్టార్టప్ సంస్థలకు, చిన్న పరిశ్రమలకు, ప్రభుత్వ శాఖలకు, మరికొన్ని తరగతుల వారికి లభించును. ఒంటరిగా తన పేరనే దరఖాస్తు చేసిన పురుషునకు ఆ కారణమున మాత్రము లభింపదు.

ఈ నిబంధన తెలిసినవారు వెంటనే భార్య పేరో, కుమార్తె పేరో చేర్చుదమని తలచుట సహజము. ఇచట సత్యమును విడువరాదు. కల్పన చేసినవారికి గాని, వారినుండి వ్రాతమూలముగా హక్కు పొందినవారికి గాని మాత్రమే దరఖాస్తు చేయు అర్హత కలదు. ఇల్లాలు నిజముగా ఆలోచనలో పాలుపంచుకొన్నచో ఆమె పేరు కల్పన చేసినవారిలో చేరవలెను, చేర్చకుండుటయే అన్యాయము. వంటయింటి పరికరముల విషయములో లోపమును మొదట కనిపెట్టునది తరచుగా ఆమెయే గదా! ఆమె కల్పనలో పాల్గొననిచో, హక్కులో భాగమును ఆమెకు నిజముగా వ్రాసియిచ్చి సహ దరఖాస్తుదారుగా చేర్చవచ్చును. అపుడామె పేటెంటులో భాగస్వామిని యగునని, ఆమె సమ్మతి లేనిదే పేటెంటును అమ్ముటకుగాని ఇతరులకు లైసెన్సు ఇచ్చుటకుగాని వీలుండదని ఇరువురకును విప్పి చెప్పుట పెద్దల ధర్మము.

రెండవ మార్గము చిన్న పరిశ్రమ. కంచరి తన పనిశాలను ఉద్యమ్ పద్ధతిలో నమోదు చేయించి, ఆ సంస్థ పేర దరఖాస్తు చేసినచో, నమోదు పత్రముతోపాటు 28వ ఫారమును జతపరచి త్వరిత పరీక్ష కోరవచ్చును. ఉద్యమ్ నమోదునకు రుసుము లేదు. జిల్లా పరిశ్రమల కేంద్రమువారు ఈ విషయమున సహాయపడుదురు.

ఖర్చు

2024 సవరణల తరువాతి పట్టిక ప్రకారము, ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపు వ్యక్తులకు, స్టార్టపులకు, చిన్న పరిశ్రమలకు దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. ముందస్తు ప్రచురణకు 2,500 రూపాయలు. త్వరిత పరీక్షకు 8,000 రూపాయలు. సాధారణ పరీక్షకైనచో 4,000 రూపాయలు. అనగా త్వరిత మార్గమునకు ప్రభుత్వ రుసుము మొత్తము 12,100 రూపాయలు. వివరణ 30 పుటలు, క్లెయిములు 10 దాటినచో అదనపు రుసుము ఉండును. కాగితములపై నేరుగా దాఖలు చేసినచో రుసుము సుమారు పదోవంతు ఎక్కువ. కాని 18ఎ ఫారమును ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే పంపవలెను. దానికి డిజిటల్ సంతకము అవసరము.

పేటెంటు ఏజెంటు పారితోషికము దీనికి అదనము. ఏజెంటును పెట్టుకొని తీరవలెనను నియమము లేదు. అయినను క్లెయిములు వ్రాయుట అనుభవము కోరు పని. ఏజెంటు పేరు పేటెంటు కార్యాలయపు రిజిస్టరులో ఉన్నదా లేదాయని చూచి, పారితోషికమును ముందుగా వ్రాతమూలముగా నిర్ణయించుకొనవలెను.

చదువు, ధనము లేని గ్రామీణ కల్పకులకు తోడ్పడుటకై 2000లో ఏర్పడిన జాతీయ నవకల్పన ప్రతిష్ఠానము గుజరాతులోని గాంధీనగరమున కలదు. హైదరాబాదులోని పల్లె సృజన అను స్వచ్ఛంద సంస్థ మన గ్రామములలోని కల్పకులను వెదకి వెలుగులోనికి తెచ్చుచున్నది. చీరల నేతలో ఆసు పోయుటకై తన తల్లి పడుచున్న శ్రమను చూడలేక లక్ష్మీ ఆసు యంత్రమును నిర్మించిన చింతకింది మల్లేశంగారు ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబమువారే. పాఠశాల చదువు మధ్యలోనే మానిన ఆయనకు 2017లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

పేటెంటు కానివి

కొన్ని సందర్భములలో పేటెంటుకన్న సులభమైన రక్షణ చాలును. పరికరము పనిచేయు తీరు పాతదేయై, ఆకారము మాత్రము కొత్తగా, కంటికి ఇంపుగా ఉన్నచో 2000 నాటి డిజైనుల చట్టము క్రింద నమోదు చేయించుకొనవచ్చును. దీనికి 10 సంవత్సరములు, పొడిగించినచో మరి 5 సంవత్సరములు రక్షణ ఉండును. ఇదియు బహిరంగపరుపక ముందే చేయవలసిన పని. పేరునకు, గుర్తునకు ట్రేడుమార్కు వేరు. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి లభించిన భౌగోళిక గుర్తింపు వేరొక విధమైనది. అది ఒక ప్రాంతపు పంటకు, అచటి రైతులందరికి చెందునది. ఈ నాల్గింటిని కలగలుపక, వచ్చిన వ్యక్తికి ఏది తగునో ఆలోచించి చెప్పవలెను.

దరఖాస్తు తరువాత

దరఖాస్తు సంఖ్య చేతికి వచ్చిన పిమ్మట పరికరమును చూపవచ్చును, అమ్మవచ్చును. అయితే తాత్కాలిక వివరణ మాత్రమే పంపినవారు, అందు వ్రాయని కొత్త మార్పులను ఇంకను దాచియుంచవలెను. పాత్రపై "పేటెంటుకు దరఖాస్తు చేయబడినది" అని వ్రాయవచ్చును. పేటెంటు రాకముందే "పేటెంటు పొందినది" అని చెక్కించుట తప్పు. దానికి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. దరఖాస్తు ప్రచురణ తేదీనుండియే కొంత హక్కు ఏర్పడును. కాని కాపీ చేసినవారిపై దావా వేయుటకు మాత్రము పేటెంటు వచ్చువరకు ఆగవలెను. ముందస్తు ప్రచురణవలన కలుగు లాభము ఇదియే.

పేటెంటు వచ్చినంత మాత్రమున ధనము రాదు. ఇటలీలోని ట్యూరిను నగరవాసి ఆంజెలో మొరియొండో 1884లోనే ఆవిరితో కాఫీ తీయు యంత్రమునకు పేటెంటు పొందినను, దానిని విరివిగా తయారుచేసి అమ్మలేదు. 1901లో లూయిజీ బెజ్జెరా మెరుగైన యంత్రమునకు పేటెంటు పొందగా, ఆ హక్కును కొని యంత్రములను తయారుచేయించి లోకమునకు పరిచయము చేసినవాడు డెసిడెరియో పావొని. కల్పన చేయువాడొకడు, కార్ఖానా నడుపువాడొకడు కావచ్చును. మన కంచరికి పెట్టుబడి లేనిచో హక్కును అమ్ముటయో, లైసెన్సు ఇచ్చి పాత్రకింతయని పుచ్చుకొనుటయో మేలు. మూడవ సంవత్సరము నుండి ఏటేట నవీకరణ రుసుము చెల్లింపవలెను. వ్యక్తులకు ఆరవ సంవత్సరము వరకు అది ఏటికి 800 రూపాయలు, ఆపైన హెచ్చును. చెల్లింపనిచో హక్కు రద్దగును.

సభ్యుల కర్తవ్యము

ఒకనాటి సాయంత్రము ఎవరైన సంచిలో ఒక వింత పాత్రను పెట్టుకొని మీ ఇంటికి వచ్చినచో, దానిని అరుగుమీద తీయనీయకుడు. లోపలికి పిలిచి, ఇదివరకు ఎవరెవరికి చూపినారో మొదట అడుగుడు. పూర్తియైన తేదీని, పటమును ఒక కాగితముపై వ్రాయించి భద్రపరుపుడు. చదువుకొన్నవానిచే అన్వేషణ చేయింపుడు. ఇంటిలోని స్త్రీల పాలు ఎంతయో నిజాయితీగా విచారింపుడు. దరఖాస్తు సంఖ్య వచ్చిన మరునాడు సంతలో బల్ల వేయించి, ఊరందరికి ఆ పాత్రలోని కాఫీ పోయింపుడు. అప్పటి మీ ప్రచారము అతనికి నష్టము కలిగింపదు. నాలుగు పాత్రలు అమ్ముడుపోవుటకు అక్కరకు వచ్చును.

సభ్యులు చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో గత అయిదు సంవత్సరములలో ఎవరైన నూతన పరికరము చేసినారా? దానిని దరఖాస్తుకు ముందు బహిరంగముగా చూపినారా?

2. కడ్డీ, రెక్క గల ఫిల్టరునకును, ఉష్ణమాపకము తగిలించిన ఫిల్టరునకును చట్టము దృష్టిలో గల భేదమేమి?

3. త్వరిత పరీక్ష కోరినను ఏడు మాసములకు ముందు పేటెంటు రాకుండుటకు కారణమేమి?

4. తీర్మానపు పుస్తకములో ఏమి వ్రాయవచ్చును, ఏమి వ్రాయరాదు?